మంచి గింజలు అంగడికి, పుచ్చులు ఊరిబిండికి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫిబ్రవరి 28 మర్నాడు మీ జిల్లా పేజీలో జాతీయ సైన్స్ దినోత్సవం వార్తలు చూశాను. ఐదు కాలేజీలు, ఐదు ఫొటోలు, ఐదింటిలోనూ శాలువాలు. 1928లో అదే రోజున రామన్ ఏం కనిపెట్టారో ఒక్క వార్తలోనూ ఒక్క వాక్యం లేదు. తప్పంతా మీ విలేకరులదే అనడం లేదు. ఆ ఐదు సభల్లో ఒకదానికి నేనూ వెళ్లాను. వేదిక మీద మాట్లాడిన ఆరుగురిలో ఒక్కరు కూడా తమ ల్యాబులో ఏం జరుగుతోందో చెప్పలేదు. సైన్సు సమాజానికి ఉపయోగపడాలని అందరూ అన్నారు. ఉప్మా తిని వచ్చేశాం.

నేను తిరుపతిలో మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది ఐదో ఏడు. మాది పాకాల దగ్గర ఒక పల్లె. నాయనకు మూడెకరాల మెట్ట. వానొస్తే చెనిక్కాయ, రాకుంటే అప్పు. (చెనిక్కాయ అని రాస్తే మీ డెస్కు వాళ్లు వేరుశనగ అని దిద్దుతారేమో, దయచేసి అలాగే ఉంచండి. ఈ ఉత్తరంలో సగం గొడవ ఆ మాట గురించే.) నా పరిశోధన ఆ చెనిక్కాయకు పట్టే బూజు మీద.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. ఎక్కడి నుంచో రాదు, మన చేలో మట్టిలోనే ఉంటుంది. కాయ ఊరే చివరి రోజుల్లో వాన మొహం చాటేసి నేల కాగిపోతే, భూమిలో ఉండగానే కాయలోకి దూరుతుంది. లేదంటే పీకి ఎండబెట్టిన కాయ మళ్లీ తడిసినప్పుడు మూటలో పెరుగుతుంది. అది గింజలో వదిలే విషమే అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోతే, ఏ రోగమో తెలియక మొదట 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. చివరికి తేలిందేమిటంటే, వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన, నూనె తీసేసిన చెనిక్కాయ చెక్క ఉంది, ఆ చెక్కలో ఈ బూజు విషం ఉంది. ఆస్పర్జిల్లస్‌లో 'ఆ', ఫ్లేవస్‌లో 'ఫ్లా', విషానికి టాక్సిన్. పేరు అలా పుట్టింది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి జాబితాలో దీన్ని ఎప్పుడో చేర్చారు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. మన దేశంలో అయితే, ఇంకా శుద్ధి చేయాల్సిన గింజల్లో ఇది కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని నిబంధన. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు.

ఇంత సంగతిని నేను మూడేళ్ల పాటు మా ఇంట్లో చెప్పలేదు. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే "మైక్రోబయాలజీ" అనేదాన్ని. అంతటితో వాళ్ల ప్రశ్న అయిపోయేది, నా జవాబూ అయిపోయేది.

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, మా అమ్మ నా ఫోను తీసుకుని ఫొటోలు చూస్తోంది. అందులో మా ల్యాబు ఫొటో ఒకటి వచ్చింది. సిలికా పూసిన గాజు పలక మీద గింజల సారం చుక్కలు పెట్టి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద తీసింది. అఫ్లాటాక్సిన్‌లో ఒక రకం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది, ఇంకోటి ఆకుపచ్చగా. "దీపావళి మాదిరి ఉందే, ఏందిది?" అంది. విషమమ్మా అన్నాను. "ఇంత అందంగా ఉంటే విషమంటావే!" అని నవ్వింది.

సరే, చెప్దామని కూర్చున్నాను. పక్కన అవ్వ కాయలొలుస్తోంది. టర్కీ కోళ్ల కథ చెప్పాను, బాగానే విన్నారు. బూజు అంటే అర్థమైంది. నేను మార్కెట్ల నుంచి గింజలు తెచ్చి పరీక్ష చేస్తానన్నాను. అప్పుడు అవ్వ, "బస్తాలో నాలుగు గింజలు చూస్తే తెలిసిపోదా పాపా, దానికి ఐదేండ్లు చదవాల్నా?" అంది. 'శాంప్లింగ్ ఎర్రర్' అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం కదా అవ్వా, చెనిక్కాయ విషానికి ఆ సామెత పనికిరాదు అన్నాను. అన్నమంతా ఒకే కుండలో ఒకే నీళ్లలో ఉడుకుతుంది. ఇక్కడ ఒక గింజకు బూజు పడుతుంది, పక్క గింజకు పట్టదు. బస్తాలో వేల గింజలుంటే విషం కొన్నింటిలోనే ఉంటుంది, కానీ ఆ కొన్నింటిలో మహా ఎక్కువగా ఉంటుంది. నువ్వు తీసిన నాలుగూ మంచివైతే బస్తా మంచిదనుకుంటావు. అందుకే చాలాచోట్ల నుంచి చాలా గింజలు తీసి, అన్నీ కలిపి పిండిచేసి చూడాలి.

అవ్వ ఒలవడం ఆపేసింది. ఎదురుగా చేట ఉంది. అందులో ఒక పక్క నిగనిగలాడే గింజలు, ఇంకో పక్క ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పుచ్చులు. "అయితే ఏరి పారేస్తే సరిపోతుంది కదా?" అంది. సరిగ్గా అదే అవ్వా, ఏరివేతను మించిన మందు లేదు, పుస్తకాల్లోనూ అదే ఉంది అని సంబరపడ్డాను. నా పాఠం ఇంత తొందరగా ఫలిస్తుందనుకోలేదు.

అప్పుడు మా అమ్మ చాలా మామూలుగా అంది: "పారేసేదేంది? మంచివి అంగడికి పోతాయి. ఇవి మనకే. వేయించి, ఎండుమిరపకాయలేసి ఊరిబిండి నూరితే ఏ గింజో తెలీదులే."

ఇది చదివే మీ పాఠకులకు కొత్త సంగతి కాకపోవచ్చు. పల్లెలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు, ఆ ఊరిబిండి, అదే చెనిక్కాయ పచ్చడి, తినే పెరిగాను. కానీ మూడేళ్లుగా నేను గింజలు తెచ్చుకున్నది మార్కెట్ యార్డుల నుంచి, కిరాణా అంగళ్ల నుంచి. అంటే ఒకసారి ఏరేసిన గింజలు. ఏరివేత మంచిదని రాసిన వ్యాసాలు బోలెడు చదివాను. ఏరినవి ఎవరి పళ్లెంలోకి పోతాయన్నది నేను ఒక్కసారీ అడగలేదు. నాకు కావాల్సిన గింజలు మా వంటింట్లో డాల్డా డబ్బాలో ఉన్నాయి.

తిరుపతికి వచ్చి గైడ్ గారికి చెప్పాను. మొదట గొణిగారు, సినాప్సిస్‌లో, అంటే ముందే రాసిచ్చిన పరిశోధన ప్రణాళికలో, లేదన్నారు. రెండు రోజుల తర్వాత ఆయనే పిలిచి, ఇళ్లలో వాడే గింజలు కూడా తీసుకో అన్నారు. ఆ అధ్యాయం ఇప్పుడు రాస్తున్నాను. ఫలితాలు ఇంకా అచ్చుకాలేదు కాబట్టి అంకెలు ఇక్కడ రాయను. తోటి శాస్త్రవేత్తలు సరిచూడకముందే లెక్కలు జనంలోకి వదలడం నాకిష్టం లేదు. ఎందుకిష్టం లేదో కింద చెబుతాను.

ముందు మా అమ్మ సంగతి పూర్తి చేయాలి. పుచ్చులు తినొద్దంటే, "ఆవుకు పెడతాలే" అంది. ఆవుకు పెట్టినా ఆ విషం కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుందమ్మా అన్నాను. "మనం తినకూడదు, ఆవుకు పెట్టకూడదు, మిల్లుకు పోసినా ఆ చెక్క మళ్లీ ఏదో ఆవుకే పోతుంది. మరేం చేయమంటావు?" అని గుచ్చి అడిగింది. గుంత తీసి పూడ్చమన్నాను. మా అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కిలో రేటు ఆమెకు తెలుసు, నాకు తెలియదు. ఆ చూపు తర్వాతే నేను సలహా మార్చుకున్నాను. చివర పారేయడం గురించి కాదు, మొదట్లో బూజు పట్టకుండా చూసుకోవడం గురించి మాట్లాడాలని. కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి, అంతదాకా ఎండాలి. కళ్లంలో రాత్రి మంచుకు, వానకు తడవకుండా కప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, మిషన్లో కాయలు కొట్టించే ముందు గింజ చిట్లకుండా ఉంటుందని, తూకం కూడా కాస్త కలిసొస్తుందని నీళ్లు చల్లుతారే, అది మానేయాలి. ఎండిన కాయను మనమే తడిపి మూటకట్టడమంటే బూజుకు పీట వేసి విస్తరి వేయడమే. "ఇది ముందే చెప్పుంటే పోయేది కదా, కోళ్ల కథ ఎందుకు?" అంది మా అమ్మ.

ఆ ఉత్సాహంలో నేనొక తప్పు చేశాను.

తిరుపతిలో ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు అడిగితే మాట్లాడాను. పేరు వద్దు. ఇరవై నిమిషాలు చెప్పాను. కాయ ఎండబెట్టడం, నీళ్లు చల్లకపోవడం, ఏరివేత, అన్నీ. వీడియో రెండు నిమిషాలు కూడా లేదు. పైన నా ఫొటో, పక్కన ఎర్రటి కాలేయం బొమ్మ, 'చెనిక్కాయలు తింటున్నారా? అయితే మీ లివర్ ఖతం!' అన్న అక్షరాలు. నేను మధ్యలో ఎక్కడో అన్న 'క్యాన్సర్' అన్న మాటను మొదటికి తెచ్చి మూడుసార్లు వేశారు. మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ అందరి ముందూ, "థీసిస్ ఇవ్వకముందే స్టార్ అయిపోయావే" అన్నారు. ఇంకొకరు, నా పని పరిశోధన పేపర్లు రాయడమే కానీ జనాన్ని బెదరగొట్టడం కాదన్నారు. ఆ రెండో మాట నాకు న్యాయంగానే తోచింది, అందుకే ఎక్కువ బాధేసింది.

అసలు దెబ్బ బస్టాండు దగ్గర తగిలింది. అక్కడ ఉడకబెట్టిన కాయలు అమ్మే ఒక అక్క ఉంది. ఊరికి పోయేటప్పుడల్లా ఆమె దగ్గరే కొంటాను. ఆ వారం నన్ను చూడగానే, "ఏం పాపా, కాలేజీ పిలకాయలు ఇద్దరు ముగ్గురు నీ వీడియో చూపించి కొనకుండా పోయినారు. నా కాయల్లో విషముందా? నువ్వు చూసినావా?" అంది. కోపంగా కూడా కాదు. నేను చూడలేదు అన్నాను. అదే నిజం. అప్పుడే పీకిన పచ్చికాయలు వెంటనే ఉడకేసి అమ్మితే, నేను చెబుతున్న నిల్వ బూజుకూ ఆమె బండికీ సంబంధం చాలా తక్కువ. కాయ ఒలిచినప్పుడు గింజ నల్లబడి, బూజు వాసన వేస్తే మాత్రం పారేయాలి, ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. రెండు గ్లాసుల కాయలు కొని, బస్సు పోతున్నా అక్కడే నిలబడి, నలుగురూ చూసేలా తిన్నాను. అంతకుమించి నష్టపరిహారం నేనేమీ ఇవ్వలేకపోయాను. వీడియో తీయించమని ఛానల్ వాళ్లకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. అది ఇంకా ఉంది.

ఇది జరిగాక ఏడాది పాటు నోరెత్తలేదు. నాతోటి పరిశోధక విద్యార్థులు చాలామంది అసలు నోరెత్తరు, వాళ్లకు ఇలాంటిది జరగకపోయినా. ఎందుకెత్తుతారు? యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచే మార్కుల పట్టిక ఉంది. పేపరుకు రెండు మార్కుల చొప్పున పది దాకా ఇస్తారు. ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చుని ఒక సాయంత్రం చెప్పినదానికి సున్నా. తీరిక దొరికితే ఎవరైనా ఇంకో పేపరే రాస్తారు, నేనైనా అంతే. దానికి తోడు టెన్షన్లు చాలా. చెబితే మన ఆలోచన ఇంకొకరు ఎత్తుకుపోతారని, పెద్దవాళ్లుండగా నీకెందుకంటారని, తప్పు దొర్లితే పేరు పోతుందని. 2018లోనే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధనను మామూలు మాటల్లో రాయడానికి 'అవ్‌సర్' అని ఒక పోటీ పెట్టింది, బహుమతులు కూడా పెట్టింది. మా ల్యాబులో ఆ ఊసు ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఇంకో చిక్కు, మాకు తెలుగు రాదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ నిజం. ఇంటర్ నుంచి అంతా ఇంగ్లిషే. 'కంటామినేషన్' అనకుండా రెండు నిమిషాలు మాట్లాడమంటే చెమటలు పడతాయి. గ్రాంథికంలో అనువదించి 'కలుషితీకరణము' అంటే అవ్వకు అదీ ఇంగ్లిషే. 'మెతుకు పట్టి చూడడం' అనే మాట ఏ పుస్తకం నుంచీ రాలేదు, కాయలొలుస్తున్న మనిషి ఎదురుగా ఉంటే వచ్చింది.

పరిశోధన పేపర్లు అందరికీ దొరుకుతాయి కదా అనేవాళ్లున్నారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు అందుతాయి. నాలాంటివాళ్లకు అది పెద్ద మేలే. మా నాయనకు మాత్రం ఆ తలుపు తీసి ఉన్నా మూసి ఉన్నా ఒకటే. ఆయన రోజూ చదివేది మీ పత్రిక. టీ కొట్టులో, అదీ జిల్లా పేజీ నుంచి మొదలుపెట్టి.

మన దగ్గర చెప్పడానికి సరుకు లేక కాదు. 1954 నుంచి ఉన్న శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల, చెనిక్కాయ రకాలు తయారుచేసే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, స్విమ్స్ ఆసుపత్రి, ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్సు విద్యాసంస్థ ఐసర్. ఇన్ని సంస్థలు ఒక గంట ప్రయాణంలో ఉన్న ఊళ్లు రాష్ట్రంలో ఎన్నున్నాయి? తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కితే గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వస్తుంది. ఒకసారి నా పక్క సీటు పెద్దాయన ఆ వైపు చెయ్యి చూపించి, "ఆ రాడార్ మబ్బుల్ని చెదరగొడుతుందమ్మా, అందుకే మాకు వానల్లేవు" అన్నాడు. అక్కడున్నది 1,024 యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్‌జ్ రేడియో తరంగాలను పైకి పంపి, గాలి పొరల్లోంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటాయి, పైన గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో చెబుతాయి అని నాకు తెలిసినంత చెప్పాను. బావిలోకి కేకేస్తే మన కేక మనకే తిరిగి వినబడినట్టు. కేకేస్తే బావి ఎండిపోదు కదా అన్నాను. పెద్దాయన కాసేపు ఆలోచించి, "మరి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే" అన్నాడు. పాకాల క్రాస్‌లో దిగిపోయాడు.

అందరూ మైకు పట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. మా హాస్టల్లో గణితం చేసే అమ్మాయి ఉంది, ఆమె పని తెలుగులో కాదు, ఇంగ్లిషులో చెప్పినా నాకర్థం కాదు. ఆమెను వదిలేయండి. కానీ నేలతో, నీళ్లతో, తిండితో, పశువులతో, రోగాలతో పనిచేసేవాళ్లు జనంతో మాట్లాడకపోతే నష్టం జనానికే కాదు, వాళ్ల పరిశోధనకే. మూడేళ్లు తప్పు గింజలు పరీక్షించిన మనిషిగా చెబుతున్నాను. నాకు ఫెలోషిప్ కింద నెలకు 42,000 రూపాయలు వస్తాయి (వచ్చిన నెలల్లో!). అవి ఉడకబెట్టిన కాయలమ్మే అక్క కట్టే పన్నులోంచి కూడా వచ్చినవే.

మీతో నా మనవి చిన్నది. ఆదివారం జిల్లా పేజీలో అర కాలమ్ ఇవ్వండి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పరిశోధన చేస్తున్న కుర్రవాళ్లు వంతులవారీగా రాస్తారు, మూడు వందల మాటలకు మించకుండా. పాఠకులు ప్రశ్నలు పంపాలి, ఆ ప్రశ్న మీద పనిచేసేవాళ్లే జవాబు రాయాలి. నాకు ఒకే ఒక్క షరతు ఉంది, అది ఎందుకో పైన చదివారు: శీర్షిక అచ్చుకు పోయేముందు రాసినవాళ్లకు చూపించండి. ఇక విశ్వవిద్యాలయాల వాళ్లు మీ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్లకూ ఒక మాట. థీసిస్‌తో పాటు రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయండి. వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) రోజున దాన్ని ఒక రైతు చేతనో, ఒక నర్సు చేతనో, ఆ పరిశోధన ఎవరికి సంబంధించిందో వాళ్ల చేత చదివించండి. వాళ్లు అడిగే ప్రశ్న ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగేదానికంటే కష్టంగా ఉంటుంది.

కాలమ్ ఇస్తే రాసేవాళ్లు దొరకరేమోనని మీకు అనుమానం రావచ్చు. మొదటి ప్రశ్న మా ఊరి నుంచే వచ్చింది: కోతలప్పుడు వానకు తడిసి మళ్లీ ఎండిన కాయలు విత్తనానికి పనికొస్తాయా? అది నా సబ్జెక్టు కాదు. విత్తనాల మీద పనిచేసే పక్క ల్యాబు అబ్బాయిని బతిమాలితే రాసిచ్చాడు, ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. 286 మాటలు వచ్చింది. మా అమ్మకు చదివి వినిపిస్తే రెండు చోట్ల "ఇదేంది?" అని ఆపింది. ఆ రెండు వాక్యాలూ మళ్లీ రాశాం. మూడోసారి ఆపలేదు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
తిరుపతి

(వైవా అయ్యేదాకా పేరు వేయవద్దని మనవి.)